చీటీలో తుడిచిన మాట

హమ్రియా,
ఆదివారం.

నా ప్రియమైన సువార్తకు,

ప్రభువు కృప మన గుమ్మం దాటిపోకుండా ఉండును గాక. నేనీ ఎడారి దేశంలో క్షేమం. నువ్వూ పిల్లలూ క్షేమమని నమ్ముతున్నాను. దగ్గు తగ్గిందా అని మెసేజ్‌లో అడిగావు, తగ్గింది. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటంటావేమో. ఫోన్‌లో నా గొంతు వినగానే నువ్వు పసిగడతావు, అందుకని.

మొన్న శుక్రవారం ప్రార్థన కూడికలో వాక్యం ఎందుకు చెప్పలేదనీ అడిగావు. నిలబడ్డాను సువార్తా. గొర్రెలు తనవి కానివాడు తోడేలును చూసి పారిపోతాడన్న చోట గ్రంథం తెరిచాను. మళ్లీ మూసి కూర్చున్నాను.

మా కంపెనీ క్లినిక్‌లో రోగుల వివరాల ప్రోగ్రామ్ రాసింది నేనే కదా. వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. మన గోదావరి పిల్ల తిరుపతమ్మ అక్కడ నర్సు. మందుల చీటీ ముందు మేస్త్రీ చేతికే వెళ్తుంది. అందులో జబ్బుల పేర్లు చూస్తే మనిషిని డ్యూటీలోంచి తీసేస్తాడు. అందుకని ఆ మాటలు తుడిచి చీటీ ఇచ్చే ఏర్పాటు చెయ్యమంది. చేశాను. "ఇక్కడ ఏం తుడిచినా అసలు రికార్డుకేం కాదమ్మా, ఇది నకలు" అని ధైర్యం కూడా చెప్పాను.

నకలు కాదు. రోగుల పట్టికకి నేను రెండో పేరు పెట్టానంతే. అలా పేరు పెడితే కంప్యూటర్‌లో రెండో పట్టిక పుట్టదు, రెండు పేర్లూ ఒక్కదాన్నే చూపిస్తాయి. ఆమె చీటీలో తుడిచిందల్లా అసలులోనూ పోయింది.

మల్లేశం అని జగిత్యాల వైపు మనిషి. అతని జబ్బు పేరుతో పాటు, పెన్సిలిన్ పడదన్న మాటా అలాగే పోయింది. తిరుపతమ్మ సెలవులో ఉన్న రోజున కొత్త డాక్టరు రికార్డు చూసి ఆ సూదే వేశాడు. మొహం ఉబ్బి, ఊపిరాడక, పెద్దాసుపత్రిలో పడ్డాడు. తుడిచినవారి పేరు చూస్తే తిరుపతమ్మ. పోలీసులకి అప్పగిస్తానంటున్నాడు మేనేజరు. "అన్నా, అది నకలని నువ్వేగా చెప్పావు" అంది నాతో. వినపడనట్టు తల వంచుకున్నాను.

ఇంకా ఘోరముంది. ఆ సాయంత్రమే ప్రోగ్రామ్‌లో ఒక్క మాట చేర్చాను. ఇప్పుడది నిజంగానే నకలు తీస్తోంది. ఎవరు పరీక్షించినా, చీటీలో తుడిస్తే రికార్డు చెరగదు గనుక, ఆ పిల్లే అసలులో తుడిచి అబద్ధమాడినట్టుంటుంది. నరకాగ్ని గురించి గర్జించే నేను జైలుకి భయపడి ఆ పని చేశాను.

నిన్న మల్లేశం గొంతులో గొట్టం తీశారు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యగారూ, సిస్టరమ్మనేమనకుండ్రి. మేస్త్రీకి నా రోగం కానరావద్దని తుడవమన్నది నేనే" అన్నాడు.

లేవలేనివాడు తప్పు తన మీద వేసుకుంటున్నాడు. తప్పు నాది.

మేనేజరు గది బయట కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల తిరుపతమ్మ ఏడుపు వినిపిస్తోంది. నేను మార్చకముందున్న పాత ప్రోగ్రామ్ సాక్ష్యంగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. మెట్లు దిగి పారిపోవాలనే ఉంది. ఈ ఉత్తరం డ్రైవరు ఖాదర్ పోస్టులో వేస్తాడు. నా ఫోన్ రాకపోతే పిల్లలకి కట్టుకథలు చెప్పకు, వాళ్ల నాన్న ఏం చేశాడో చెప్పు. నాకోసం మోకరించు.

తలుపు తెరుచుకుంది. పిలిచింది నన్ను కాదు. అయినా లేస్తున్నాను.

ఇట్లు,
భయంతోనే లోపలికి వెళ్తున్న నీ ఇంటివాడు,
దైవసహాయం