మైకు ఆపని పెళ్లి

నౌపడ

ప్రియమైన కుసుమకు,

నా నంబరు నీ ఫోన్లో ఆపేశావని తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పదేళ్ల తర్వాత రాస్తున్నాను, చింపకుండా చదువు.

మా నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి. మన ఊరివాళ్లకు ఇది కొత్త కాదు, నువ్వు రోజూ చూస్తున్నదే. వెంటనే డయాలసిస్ మొదలుపెట్టకపోతే లాభం లేదన్నారు. మాకు దగ్గరలో ఖాళీ ఉన్నది పలాసలో నువ్వు పనిచేసే చోటే. అక్కడికి మాత్రం రానంటున్నాడు. "సింహాద్రి కూతురుంటది. దాని మొకం ఎలా సూత్తానే? నానెల్లను, ఒగ్గీ" అంటాడు. కాళ్లు ఉబ్బిపోయి చెప్పులు పట్టడం లేదు.

మొన్న మా పాప స్కూలు డాన్సుకని ఒక పాట పెట్టింది. మన పాట! జీడితోటలో కూర్చుని, ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని విన్న ఆ సినిమా పాటలన్నీ మళ్లీ విన్నాను. ఒకటి అయిపోగానే తర్వాతది దానంతటదే నోటికి వచ్చేస్తోంది. సినిమా కూడా టీవీలో చూశాను. ఏమీ బాగాలేదు. పాటలు విని మనం అల్లుకున్న కథే నయం.

నువ్వు "రమ్మను" అని ఒక్క మాట రాస్తే నాన్న కదులుతాడు. లేకపోతే నాకు దక్కడు.

నిన్ను మరవని
భారతి


పలాస

భారతికి,

ఉత్తరం అందింది. మీ నాన్నను తీసుకురా. మిషను దగ్గర పాత తగవులు ఉండవు. ఆలస్యం చేయకు, కాళ్లకు వాపు వచ్చిందంటే మంచిది కాదు.

పాటల సంగతి మాత్రం నాకు రాయకు. వార్డులో ఎవరి ఫోన్లోనైనా అవి మొదలైతే నేను బయటికి వెళ్లిపోతాను.

నీకు తెలియదేమో, చెబుతున్నాను. నీ పెళ్లి రోజు పొద్దున్నే అమ్మ నాకోసం టెక్కలి హాస్టలుకు వచ్చింది. నాన్నకు బాగాలేదంది. దారి పొడుగునా ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం. ఊరి మొదట్లో ఆటో దిగగానే మీ పందిట్లోని మైకులో ఆ సినిమా పాటొకటి వినబడింది. మన ఊళ్లో ఎవరి ప్రాణం మీదికైనా వస్తే పెళ్లయినా, అమ్మవారి సంబరమైనా మైకు కట్టేస్తారు కదా. మోగుతోందంటే నాన్నకు ఏమీ కాలేదనుకున్నాను. అమ్మ చెయ్యి వదిలి పరుగెత్తాను. నవ్వుతూ పరుగెత్తాను, భారతీ. ఇంట్లోకి వెళ్లేసరికి నాన్న పోయి ఉన్నాడు.

మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. నన్ను చదివించిన మనిషి మీ ఇంటికి నాలుగడుగుల దూరంలో పోతుంటే, మీ నాన్న పాటలు పెట్టించాడు. ఆ కాస్త మర్యాద కూడా మా నాన్నకు దక్కలేదు.

కుసుమ


నౌపడ

ప్రియమైన కుసుమకు,

నీ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాను. "అది నా పెళ్లి మైకు నాన్నా, నాకైనా చెప్పవా?" అని గదమాయిస్తే అప్పుడు నోరు విప్పాడు.

ఆ రోజు మీ నాన్నకు ఎగశ్వాస వచ్చిందని వినగానే మైకు ఆపించేసి, మీ ఇంటికి వచ్చాడట. మీ నాన్న మంచం మీంచే అడిగాడట.

"ఏటి బావా, మైకు కట్టేసినావు? నాను సచ్చిపోనానేటి?"

"నీకు బాగా నేదు గదా బావా."

"అది నాకు తెల్దేటి? మా గుంట కుసుమ వొత్తంది. మైకు నేకపోతే ఊరి మొదట్లోనే దానికి తెలిసిపోద్ది. అక్కడి నుంచి ఇంటికాడికి గుండెలు బాదుకుంటా రావాల. పాటెట్టు. బెదరకుండా వొత్తది."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "సెప్తే ఎవుడు నమ్ముతాడే? తప్పు సేసి సచ్చినోడి మీద తోసేసినానంటారు" అన్నాడు.

నువ్వైనా నమ్ముతావో లేదో నాకు తెలియదు. సాక్షి ఎవరూ లేరు. మంగళవారం ఆయన్ని తీసుకొస్తున్నాను. నేను గేటు దగ్గరే ఉంటాను.

నీ
భారతి


పలాస

ప్రియమైన భారతికి,

నువ్వు లోపలికి రాలేదు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నేను పూర్తిగా నమ్మలేదు. కూతురివి, తండ్రిని బతికించుకోవడానికి ఏదైనా రాస్తావనుకున్నాను. గొట్టాలు కలుపుతున్నంతసేపూ మావయ్య గోడ వైపే చూశాడు. నా ఫోన్లో ఆ పాటలు వెతికి అడిగాను.

"పాటెట్టనా మావా?"

"ఎట్టు. నెమ్మదిగా ఎట్టు, పక్కనోలు తిడతారు."

మొదటి పాట ఎత్తుకోగానే తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదే. ఈలేసేది."

ఆటో దిగినప్పుడు నాకు వినబడింది ఆ ఈల పాటే, భారతీ. ఏ పాటో నేను ఈనాటి వరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మతో కూడా అనలేదు.

"అదే ఎందుకు మావా?" అన్నాను.

"మీ నాయినకి పాటల పేర్లు తెలుసేటి? కుసుమ గెంతే పాట ఎట్టమన్నాడు. మీరెప్పుడు దిగుతారో తెల్దు గదా! అందుకే అయిపోతే మళ్లీ అదే, అయిపోతే మళ్లీ అదే. పెళ్లోరు తిట్టినారు. మీ అత్త తిట్టింది. మైకోడు దండమెట్టీసినాడు. నాను ఆపనియ్యనేదు. నువ్వు ఏడుపెత్తుకున్నాకే తెలిసింది, మావోడు ఎల్లిపోనాడని."

పక్క మంచం మీది ఆయన "ఆ సౌండు పెంచమ్మా" అన్నాడు. పెంచాను. పాట అయ్యేదాకా మావయ్య పక్కనే నిలబడ్డాను. నాన్న నన్ను మోసం చేశాడని కోపం వచ్చింది. ఆ నాలుగడుగులైనా నవ్వుతూ రానిచ్చాడని ఏడుపు వచ్చింది. రెండూ ఇంకా ఉన్నాయి.

మావయ్య మళ్లీ శుక్రవారం వస్తానన్నాడు. నేను అడగకుండానే అన్నాడు.

నీ పెళ్లిలో ఆ ఒక్క పాట తప్ప నీకు నచ్చినవేవీ మోగి ఉండవు. ఈసారి గేటు దగ్గర ఆగిపోకు. ఆయన మిషను మీద ఉన్నంతసేపూ కూర్చుని, మిగతావన్నీ విందాం.

నీ
కుసుమ