నది ఒడ్డున ఒక గంట

కేతేపల్లి

టూర్ మేనేజర్ ప్రణీత గారికి,

రోజుకు ఐదు కిలోమీటర్లు నడవగలరా అని మీ ఫారంలో అడిగారు. మాస్కోలో నడుస్తాను. పీటర్స్‌బర్గ్‌లో మాత్రం మిగతావాళ్లను రాజభవనానికి తీసుకెళ్లి, నన్ను ఒక గంట నది ఒడ్డున బెంచీ మీద వదిలేయండి.

కారణం కొంచెం పొడుగు. నేను బడికి పోలేదు. మా దర్జీ జహంగీర్ కుట్టుమిషను పక్కన కూర్చుని, తెలుగులో వచ్చిన రష్యా పుస్తకాలతోనే అక్షరాలు కూడబలుక్కున్నాను. ఒకదాంట్లో ఆ నది, ఆ బెంచీ, దాని మీద పొడుగు కోట్లలో ఇద్దరు ముసలివాళ్లు. ఆ బొమ్మ చూసి అతను మా ఇద్దరికీ కోట్లు కుట్టాడు, అదీ నడి ఎండాకాలంలో.

"గీ ఎండల గా కోట్లేంది భాయ్?" అని ఊళ్లో ఎవరన్నా అడిగితే, "ఆడ చలి పెడితే నువ్వొచ్చి కప్పుతవా?" అనేవాడు.

నలభై ఏళ్లు "వచ్చే ఏడు పోదాం" అనుకున్నాం. పోయిన రంజాన్‌కు అతనొక్కడే వెళ్లిపోయాడు.

నా పెట్టెలో రెండు కోట్లుంటాయి. ఒకటి తొడుక్కుంటాను. రెండోది, మన బస్సుల్లో సీటుకు రుమాలు వేసినట్టు, బెంచీ మీద నా పక్కన వేస్తాను. ఎవరైనా కూర్చోబోతే "ఈడ మనిషున్నడు" అని చెప్పాలి కదా. దానికి రష్యా మాటేమిటో తెలుగు అక్షరాల్లో రాసి పంపండి.