అష్టమినాటి సరుగుడు తోట

ఫిబ్రవరి 1, ఆదివారం
ఫోటో మళ్ళీ పోయింది. ఐదోసారి.
మాఘ పౌర్ణమి, మంచిరోజు అని అత్తయ్యగారు కేలెండరు చూసి మరీ పంపారు. సరుగుడు తోటా సముద్రమూ కలిసి కనపడేది ఒక్క చోటునుంచే, తడి ఇసుకలో. స్టాండు పెట్టి, ఫోకస్ చూసుకుని, లెన్సుకి ఆ నల్లటి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టరు బిగించాను. దాంట్లోంచి వెలుతురు బాగా తక్కువ వస్తుంది కాబట్టి నాలుగు నిమిషాలు కెమెరా కదలకూడదు. మూడో నిమిషంలో కెరటం… స్టాండు కాళ్ళు బెత్తెడు దిగిపోయాయి. తోటంతా మసక మసక. ఏడుపొచ్చింది.
పదో తారీఖున తోట కొట్టేస్తారట. నాలుగేళ్ళుగా చూస్తున్న చెట్లు. ఈలోగా ఒక్కటంటే ఒక్క ఫోటో కావాలి నాకు.

ఫిబ్రవరి 2
ఆ ఫిల్టరు పెట్టి మరీ ఆకుపచ్చ చెట్టుని తెల్లగా తీయడం దేనికని ఆయన అడిగారు. మన కంటికి అందని వెలుతురులో ఆకు అలాగే ఉంటుందన్నాను. తల ఊపి పేపర్లో పడ్డారు.

ఫిబ్రవరి 4
బడి అయ్యాక తోట ఉన్న పేరుపాలెం బస్సెక్కాను, ఊరికే. ఒడ్డున చేపలు ఎండబెట్టే సత్తెమ్మ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. పౌర్ణమి పోటుకి ఎదురెళ్తారా ఎవరైనా అని నవ్వింది.
"అష్టమినాడు రండమ్మా. ఆ రోజు సముద్రం అట్టే పొంగదండి."
అష్టమి! మా ఇంట్లో ఆ రోజు కొత్త చీపురు కూడా వాడరు. పైగా, సిగ్గులేకపోతే సరి, పోటుపాటుల పాఠం పిల్లలకి చెప్పేది నేనే. బోర్డు మీద చంద్రుణ్ణి గీస్తాను, ఇంటికొచ్చి కేలెండర్లో మంచిరోజు వెతుక్కుంటాను.

ఫిబ్రవరి 8
రేపే అష్టమి. సెలవు చీటీ రాశాను. అత్తయ్యగారు "నీ ఇష్టం" అన్నారు. అంటే వద్దని.

ఫిబ్రవరి 9, సోమవారం
వచ్చింది. వచ్చింది. వచ్చింది!
కెరటం స్టాండుకి పదడుగుల అవతలే ఆగిపోయింది. గాలి లేదు. నాలుగు నిమిషాలూ నేనూ ఊపిరి తీయలేదేమో. తెర మీద చూస్తే — చెట్లు ముగ్గుపిండి జల్లినట్టు తెల్లగా, నీళ్ళు మీగడ కట్టినట్టు, ఆకాశం నల్లగా… పరిగెత్తుకెళ్ళి సత్తెమ్మని వాటేసుకున్నాను. చీరంతా చేపల వాసన, అయితే ఏం.
ఆయన ఆఫీసులో అందరికీ పంపారట, మా ఆవిడ తీసిందని. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. అష్టమి సముద్రానికి మంచిదేలే అన్నారు. గెలిచాను.

ఫిబ్రవరి 10
ఉండబట్టలేక ఇంకో సెలవు. నేను వెళ్ళేసరికే సగం తోట నేల మీద. పడిన చెట్టొకదాని ముందు స్టాండు పెట్టాను. నాలుగు నిమిషాలు.
తెల్లగానే వచ్చింది. నిన్నటిలాగే, అంతే తెల్లగా. సత్తెమ్మకి చూపించాను. చెట్టు వంక చూసింది, మళ్ళీ ఫోటో వంక.
"పడిపోయానని దానికింకా తెలీదేమోనమ్మా."
ఆకు ఎండేలోగా ఇంకా ఎన్నాళ్ళు ఇలా తెల్లగా వస్తుందో… రేపు కూడా వెళ్ళాలి. మూడో సెలవంటే హెడ్‌మాస్టరుగారు ఏమంటారో.