పట్టా చుట్టుకున్న పరుగు వీరుడికి

ఏమండీ,
అన్నం, పప్పు మూతపెట్టి ఉంచాను. నిన్నటిలా తినకుండా ఇవాళ పరుగుకి బయలుదేరొద్దు. నేను మిరపకోతకి వెళ్తున్నా.

చెమట పడితే బరువు తగ్గుతుందని, కళ్లంలో మిరపకాయలు కప్పే టార్పాలిన్ పట్టా పొట్టకి చుట్టుకుని పరిగెత్తిన మహానుభావుడు ప్రత్తిపాడు మొత్తానికి మీరొక్కరే. కొవ్వు కరగలేదు, పట్టాకంటిన కారానికి తోలు మండింది. కొబ్బరినూనె కిటికీలో ఉంది, రాసుకోండి. నెలకి రెండు కేజీలు తగ్గితే చాలని డాక్టరుగారు చెప్తే, మీకేమో ఊళ్లో పరుగుపందెంలోపు మెరుపుతీగ అయిపోవాలి!

పట్టా కడిగి ఆరేయండి. సాయంత్రం మంచుకి కాయలు కప్పాలి.

ఎలీసమ్మ

అన్నట్టు, మీరు రోడ్డు మీద కళ్లు తిరిగి పడ్డారని నిన్న తోమా అన్నయ్య కేకేస్తే, కళ్లం నుంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాను. ఎక్కడా ఆగలేదు. కడుపునిండా తిన్నదాన్ని కదా.