సుద్దగీత దాటని మనిషి

ఒకటో తేదీ, ఉదయం 9.00
ఇవాళ్టి నుంచి వేరే మనిషిని! పొలం గట్ల తగాదాల మీద నా పరిశోధన మొదలై ఆరేళ్లయింది. నాలుగు అధ్యాయాలు అయ్యాయి. ఐదోది మిగిలింది. "పదో తేదీకి నా చేతిలో ఉండాలి. లేదంటే నీ రిజిస్ట్రేషన్ రద్దుకి రాసేస్తాను" అన్నారు మా గైడు మేడమ్. ఉత్తినే బెదిరించే మనిషి కాదు.
నా బల్ల చుట్టూ సుద్దతో గీత గీశాను. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా దాటను. రోజుకు మూడు పేజీలు.
1.00. మూడున్నర! దీనికి ఆరేళ్లెందుకు పట్టిందో!

రెండో తేదీ
గదిలో నాతోపాటు ఇంకో ఇద్దరున్నారు: వానపాముల మీద పనిచేసే అక్క, గణాంకాల లెక్కలాయన. అక్క డబ్బాతో వచ్చి గీత అవతల నిలబడింది.
"తమ్ముడూ, కాస్త ఇది పట్టుకో. వీటిని లెక్కపెట్టాలి."
"గీత దాటనక్కా."
"నిన్నెవరు దాటమన్నారు? చెయ్యి చాపు, చాలు."
చాపాను. చెయ్యి లెక్కలోకి రాదు. పాములు నూట నలభై రెండు. పేజీలు రెండు.

మూడో తేదీ
కిటికీ దగ్గర వెలుతురు బాగుంది. గీతను అక్కడిదాకా జరిపాను. జరపడం వేరు, దాటడం వేరు. ఒక పేజీ.

నాలుగో తేదీ
టీ కెటిల్‌ను కూడా గీతలోకి కలుపుకున్నాను. దాంతోపాటు వాళ్లిద్దరూ వచ్చారు. వానపాముకి బద్ధకం ఉంటుందా? రెండు గంటలు వాదించాం. తేలలేదు. అర పేజీ.

ఆరో తేదీ
నిన్న రాయకపోవడానికి కారణాలు:
1. సుద్ద అయిపోయింది.
2. డబ్బా బోర్లాపడింది. పాములన్నీ నా గీత లోపలికే వచ్చాయి! నా హద్దులో పడ్డవాటిని నేను కాక ఎవరు ఏరతారు?
3. నూట ముప్పై తొమ్మిదే దొరికాయి. మిగతా మూడూ ఎక్కడ?
ఇవాళ ఒక వాక్యం రాశాను. మంచి వాక్యం.

ఎనిమిదో తేదీ
గీత వరండా దాటి క్యాంటీన్ మూడో బల్ల దాకా వెళ్లింది. లెక్కలాయన టేపుతో కొలిచాడు.
"రోజుకు సగటున తొమ్మిది అడుగులోయ్. ఈ లెక్కన నెలాఖరుకి బస్టాండు నీదే."
నవ్వుకోనీ. ఒక్కసారైనా గీత దాటానా?

పదో తేదీ, 10.00
మేడమే గదికి వచ్చారు. ఏడు పేజీలూ ఒక వాక్యమూ ఇచ్చాను. ఆవిడ తన చెప్పులకు అంటిన సుద్ద చూసుకున్నారు.
"ఏమిటిది?"
చెప్పేశాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
"క్యాంటీన్ దాకా ఎవరు జరిపారు?"
"ఎవరూ జరపలేదండీ. రోజూ కాస్త కాస్త..."
ఆవిడ నా నాలుగో అధ్యాయం తెరిచారు. "నలభై మంది రైతులూ నీకు ఇదే మాట చెప్పారు. నలభై మందీ అబద్ధాలాడారని రాశావు."
అక్క డబ్బాలోకి చూస్తూ నవ్వాపుకుంటోంది.
"నాలుగోది కొట్టేసి మళ్లీ రాయి. ఐదోది ఏం రాయాలో ఇప్పుడు నీకే తెలుసు. ఇరవయ్యో తేదీ. ఆ తర్వాత గంట కూడా ఇవ్వను."
బతికాను! ఒక్కటి రాయలేనివాడికి రెండు అధ్యాయాలు!

పదకొండో తేదీ, ఉదయం 9.00
ఇవాళ్టి నుంచి వేరే మనిషిని! రోజుకు ఆరు పేజీలు. ఈసారి సుద్ద కాదు, పెయింటు. బల్ల చుట్టూ వెడల్పుగా వేశాను. ఇక అంగుళం కదలదు.
9.20. పెయింటు ఆరలేదు. బల్ల లోపల, నేను బయట. అక్క కెటిల్ పెట్టింది.