విశ్వాసమ్మ ఇచ్చిన వారం

కర్నూలు,
13-7-1956.

బావగారికి నమస్కారాలు.

ఈడ మా కాలేజీ పేదపిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు అడుగుతాండాం. చర్చి వెనక గుడిసెలో ఉండి రాళ్లు కొట్టే విశ్వాసమ్మ, "దుడ్లు ల్యావప్పా. ప్రతి బేస్తవారం ఒక పిల్లోనికి వారమిచ్చి కడుపునిండా పెడతా. మా ఇంట్లో తింటారా?" అని అడిగింది.

పాఠాలు చెప్పే నేనే తల దించుకున్నా. తిండి జరగక చదువు మానుకోబోతున్న మా గిడ్డయ్య, రైతుబిడ్డ, "నేనొస్తానమ్మా" అన్నాడు.

నిన్న బేస్తవారం వానితో నేనూ పోయినా. జొన్నరొట్టె, పుండికూర పెట్టి, మేము తినేదాకా ఆమె నిలబడే ఉండింది. అంత మర్యాదగా నాకెవరూ వడ్డించలేదు బావా.

మడి కట్టుకునే అమ్మకు ఈ సంగతి మీరే నిదానంగా చెప్పండి. గడప తొక్కనియ్యకపోయినా, వచ్చే బేస్తవారమూ పోతాను.

మీ బామ్మర్ది