టేపులోని నవ్వు

జాంజిబార్, మంగళవారం

ప్రియమైన మకామె గారికి,

ఫోన్ ఎత్తడం లేదని అలిగారట. చెవికి ఏదీ ఆనించలేకపోతున్నానండీ, అందుకే పడవవాళ్ళ చేత ఈ ఉత్తరం. తారబ్ పాటల క్లబ్బు పాత టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఒప్పుకున్నానా, హెడ్‌ఫోన్‌లో నాలుగు పాటలు వినేసరికి తల దిమ్మెక్కిపోతోంది. నొప్పి కాదు. చెవుల వెనక బరువు, కళ్ళ మీద మబ్బు. సాయంత్రం మేడ మీద పడుకుంటే సముద్రం కూడా టేపులాగే బుస్సుమంటోంది. ఏది అలో ఏది టేపో తేలేలోగా నిద్ర పట్టేస్తుంది. నిద్రలోనూ వయొలిన్లే.

పెంబా దీవిలో ఊరందరి రేడియోలూ బాగుచేస్తారుగా, పెళ్ళాం చెవులకీ ఓ మందు చెప్పండి.

ఇక మీ చెల్లెలు మిజా. భర్త పోయాడు, పిల్లల్లేరు, మనింటికి తెచ్చుకుందాం అంటున్నారు. ముందు, ఏళ్ళ కిందట పక్కింటి పెళ్ళిలో క్లబ్బువాళ్ళు చేసిన ఆ కచేరీ టేపు దొరకనివ్వండి. ‘కాయని చెట్టుకి నీడెక్కువ’ అని పాడగానే అది లేచి వెళ్ళి పాటగత్తె చేతిలో నోటు పెట్టింది. నోటు పెడితే ఆ చరణం ఎవరికో తగలాలని విసిరినట్టేగా మన ఊళ్ళో! దానికి అప్పుడే కొత్తగా పెళ్ళయింది. ఏళ్ళ తరబడి కడుపు పండనిది అక్కడ నేనొక్కదాన్నే. పందిరంతా నావైపే తిరిగింది. పైగా మైకు దగ్గర నవ్వింది. ఆ నవ్వు మీకు వినిపిస్తా, అప్పుడు చెప్పండి తెచ్చుకుందామని.

మీ
జుహూరా


వేటె, పెంబా

ప్రియమైన జుహూరా,

చెవులు నీవి, తిట్లు నాకా! బాగుంది వరస.

హెడ్‌ఫోన్ తలని గట్టిగా నొక్కుతోందేమో చూడు. రాత్రిపూట రెండు లావుపాటి పుస్తకాలకి తొడిగి ఉంచు, వదులవుతుంది. చెవి మీద ఆనే దిండ్లు బిరుసెక్కితే మార్చు. పాటకీ పాటకీ మధ్య లేచి టీ తాగు. చెవి కూడా కూలిమనిషే, విశ్రాంతి ఇవ్వాలి.

ఇక్కడ లవంగాలు ఎండబెట్టే రోజులు. దారులన్నీ చాపలే, ఊరంతా ఆ వాసనలో జోగుతోంది. మిజా మాత్రం పిడికెడు బియ్యం వండుకుని సగం కోళ్ళకి వేస్తోంది. నోటు పెట్టేవాళ్ళందరూ దెప్పడానికే పెడతారా? ఏమో, మీ ఆడవాళ్ళ తారబ్ సంగతులు నాకేం తెలుసు. దాన్ని ఇలా చూడలేకపోతున్నాను. ఒక్క మాట చెప్పు.

నీ మాట కోసం చూసే
మకామె


జాంజిబార్, ఆదివారం

ఏమండీ,

దిండ్లు మార్చాను. నొక్కుడు పోయింది, అలసట పోలేదు. ఈ హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పెట్టె వట్టి రాకాసి, గుండీ వెంట్రుకవాసి తిప్పితే చాలు గర్జిస్తోంది.

టేపు దొరికింది. నవ్వు సరిగ్గా వినాలని కంప్యూటర్‌లో కూడా శబ్దం చివరిదాకా పెంచాను. ఉంది. కిచకిచమంటూ, గరగరలాడుతూ ఉంది. మళ్ళీ మళ్ళీ విన్నాను, పళ్ళు బిగబట్టుకుని. మిజాని రావద్దనండి. ఇంక నన్ను అడగొద్దు.

జుహూరా


వేటె

ప్రియమైన కోపిష్టి దానా,

గుండీ కదిలీ కదలగానే గర్జిస్తోందంటే, ఓసి పిచ్చిదానా, రోగం అదే! ఆ పెట్టె వెనకాల శబ్దం బలం పెంచే గెయిన్ స్విచ్ ఉంటుంది. ఎవరో ఎక్కువ బలమిస్తేగానీ మోగని హెడ్‌ఫోన్ల కోసం పైకి పెట్టి వదిలేసి ఉంటారు. నీది కొంచెం బలానికే మోగుతుంది, కిందికి దించు. కంప్యూటర్‌లో పెంచిందంతా తీసెయ్యి. హద్దు దాటి పెంచితే గొంతు కొసలు తెగిపోతాయి. తెగినచోటల్లా గరుకు. చెవి అలిసేది ఆ గరుకుకే. ఒక రోజంతా ఏమీ వినకు. ఆ తరవాత ఆ టేపు ఒక్కసారి, మెల్లగా విను. తెగిన గొంతు విని తీర్పు చెప్పకు.

మిజాకి నీ మాట ఇంకా చేరవెయ్యలేదు. మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

నీ
మకామె


జాంజిబార్, శుక్రవారం

ప్రియాతిప్రియమైన మీకు,

నిన్నంతా చెవులకి సెలవిచ్చాను. ఈ ఉదయం వాన. స్విచ్ దించి, పెంచినవన్నీ తీసేసి, ఆ టేపు పెట్టాను. మొదట ఏమీ లేదేమో అనిపించింది, అంత మెత్తగా ఉంది. వయొలిన్లు దూరంగా జరిగాయి. వాటి వెనక పందిరి, ఎవరో పిల్ల దగ్గు, గాజుల గలగల, మైకు దగ్గరికి వస్తున్న అడుగులు. వాన బయట కురుస్తోందో, టేపులో కురుస్తోందో.

అది నవ్వు కాదండీ. ఎక్కిళ్ళు. ఆ రోజు పందిట్లో లౌడ్‌స్పీకర్లు కూడా గొంతు కొసలు కోసేశాయి, అందుకే నాకు నవ్వులా వినిపించింది.

వాయిద్యాలు మోగుతుండగా పాటగత్తె మెల్లగా అంటోంది: “ఊరుకోవే తల్లీ. ఒక కడుపు పోయిందని మళ్ళీ నిలవదా ఏంటి?”

మిజా అంది: “అమ్మకి చెప్పకు. వదినకి అసలే చెప్పకు, తన బాధ తనకి చాలు.”

ఆ చరణం తన మీద తనే వేసుకుంది నా తల్లి. హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. చెవులు మాత్రం తేలిగ్గానే ఉన్నాయి.

వచ్చే పడవకి మిజాని ఎక్కించండి. రేవుకి నేనే వెళ్తాను. మీరు ఏ వివరమూ చెప్పొద్దు, “వదిన రమ్మంది” అనండి, చాలు. ఆ రెండు మాటలూ క్లబ్బుకిచ్చే కాపీలోంచి తీసేశాను. వదినకి చెప్పొద్దంది కదా. వదినకి ఏమీ తెలియదు.

మీ
జుహూరా